జెండమ్మ పండుగ

జనగామలో మా ఇంటి వెనక గోడను ఆనుకొని ఒక బడి ఉంది. ఏటా ఆగస్టు సగానికి వచ్చేసరికి ఒక సాయంత్రం ఆ బడి వాకిట్లో పిల్లలు సున్నం పొడితో గీతలు గీస్తారు, గీసిన కాసేపటికే ముసురు మొదలవుతుంది, తడిసిన సున్నం వాసన మా వంటింటి కిటికీలోంచి నేరుగా లోపలికి వస్తుంది. పొయ్యి మీద పోపు చిటపటలాడుతున్నా సరే, ఆ వాసనదే పైచేయి. మా ఆయన "కిటికీ ఎయ్యరాదే, ముక్కు మండుతాంది" అంటాడు. నేను వెయ్యను. ఉద్యోగం ఆయనను ఎక్కడికి తిప్పితే అక్కడికి తిరిగాం, కొన్నేళ్లు భూపాలపల్లిలో, కొన్నేళ్లు మహబూబాబాద్‌లో. అన్నిచోట్లా జెండా పండుగలు చూశాను, అన్నిచోట్లా మిఠాయి తిన్నాను. కానీ తడి సున్నం వాసన తగిలితే మాత్రం నేను ఆ ఊళ్లలో ఎక్కడా ఉండను. తరిగొప్పుల దగ్గరి మా పల్లెలో, రిబ్బన్లు బిగించి కట్టిన రెండు జడలతో, బడి వాకిట్లో ఉంటాను.

మా ఊళ్లో దాన్ని ఆగస్టు పదిహేను అనేవాళ్లు లేరు. పంద్రాగస్టు అనేవాళ్లు. ఆ మాట వింటే మాకు దేశం తర్వాత, ముందు శ్రావణం గుర్తుకొచ్చేది. చెరువు నిండి మత్తడి దుంకే రోజులు అవి. గడప దాటితే మడమల దాకా బురద, చూరు కింద వరసగా పెట్టిన గిన్నెల్లో టపటపా పడే నీళ్లు, ఆరని బట్టల ముక్కిన వాసన, ఆ వాసనను తరిమికొట్టే మక్కకంకుల కమ్మటి వాసన. అవ్వ సాయంత్రం పొలం నుంచి వచ్చి, బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లాకు వేసి కలిపి, గిన్నె అడుగున ఒత్తి, వేలితో గుంటలు పెట్టి, గుంటకో నూనె చుక్క వేసి సన్నని సెగ మీద సర్వపిండి కాల్చేది. అడుగు మాడిన ముక్క కోసం నేనూ మా తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్లం. అవ్వ అంటే అమ్మే, మా వైపు తల్లిని అలాగే పిలుస్తాం. నాన్నను బాపు అంటాం.

పంద్రాగస్టుకు వారం ముందు నుంచే బడిలో చదువు అటకెక్కేది. పెద్ద పిల్లలు వాకిలి చెక్కి చదును చేసేవాళ్లు, మేము రంగు కాగితాలు ముక్కోణాలుగా కత్తిరించి సుతిలి తాడుకు అతికించేవాళ్లం. అతికించడానికి మైదాపిండి ఉడికించి లై చేస్తే, కాగితాలకు అంటింది సగమే, తక్కినది మా కడుపుల్లోకి పోయేది. బట్టలు కుట్టే ఖాసిం చిచ్చా ఏటా బడి జెండాను తెప్పించుకుని, గాలికి చిరిగిన అంచును మళ్లీ మిషన్ మీద మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి, తెల్ల గుడ్డలో చుట్టి పంపేవాడు. ఇస్త్రీ పెట్టె ఊరంతటికీ ఆయనది ఒక్కటే. మా తెల్ల చొక్కాలకు చెంబులో పోసిన నిప్పులే గతి. చెంబు అడుగున మసి ఉంటే ఆ గుర్తు చొక్కా మీద పండుగంతా ఉండేది.

ఆ రోజు తెల్లవారి మేమంతా జట్లు కట్టి ఊరు తిరిగేవాళ్లం. గొంతు చించుకుని జేజేలు కొట్టేవాళ్లం. ఎవరి కోసం కొట్టేవాళ్లమో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వాకిళ్లలో మంచాల మీద మూలిగే ముసలివాళ్లు, గోడ మీది కోళ్లు, తాడు తెంపుకున్న ఒకటో రెండో మేకలు తప్ప ఊళ్లో పురుగు ఉండేది కాదు. అది నాట్ల కాలం. పొద్దు పొడవకముందే ఆడవాళ్లంతా సద్దిమూటలు కట్టుకుని చెరువు కింది పొలాలకు పోయేవాళ్లు, మగవాళ్లు గొర్రు తోలడానికో, పొలం ఒడ్లు చెక్కడానికో పోయేవాళ్లు. దేశమంతా సెలవని పుస్తకంలో రాసి ఉండేది. మా ఊళ్లో ఆ సెలవు బడి ప్రహరీ దాటి బయటికి వచ్చేది కాదు.

సాయంత్రం అవ్వ కాళ్లు కడుక్కుని పొయ్యి ముందు కూర్చోగానే నన్ను అడిగేది, ఆ రోజు జెండా ఎట్లా ఎగిరిందని. నేను పాత చీర కొంగును మడిచి ముడేసి, అందులో నాలుగు చింతగింజలు పెట్టి, దాన్ని కర్రకు కట్టి పైకి లాగి విప్పి చూపించేదాన్ని. జెండా మూటలా పైకి పోతుందనీ, తాడు గుంజగానే విచ్చుకుంటుందనీ, లోపలి పూలు వానలా రాలతాయనీ చెప్పేదాన్ని. గింజలు టపటపా నేల మీద పడితే అవ్వ పిల్లలా నవ్వేది. తర్వాత ముఖం ఒక రకంగా పెట్టి, "ఎన్నేండ్ల సంది చెప్తానవ్ బిడ్డా, పూలు రాలుడు నేనొక్కపారి గూడ చూడకపోతి" అనేది. ఆ మాట నాకు చాలా కష్టంగా ఉండేది.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడాది మా బడి పెద్దసారు నన్ను పిలిచి, జెండా ముందు నిలబడి అందరికీ సావధాన్, విశ్రామ్ చెప్పే పని నాకు అప్పగించాడు. నా తెలివి చూసి కాదు, నా గొంతు విని. మా ఇంట్లో నేను తమ్ముణ్ని తిడితే పక్క వాడలో కుక్కలు లేచేవి. ఆ సంగతి చెప్పగానే అవ్వ చేతిలోని చాట కింద పెట్టింది. "ఈసారి నేనస్త" అంది. అనడం తేలికే. నాట్ల గుంపులో పదిమందీ ఒక మునుం పట్టి, ఒకే వరసలో వెనక్కి జరుగుతూ నాటేస్తారు, ఒకరు రాకపోతే ఆ వరస మిగతావాళ్ల నడుముల మీద పడుతుంది. అవ్వకు కుడిపక్కన ఎప్పుడూ ఖాసిం చిచ్చా భార్య ఫాతిమాబీ ఉండేది, ఎడమపక్కన గుంపుకు పెద్ద ఎల్లవ్వ. వాళ్లను వదిలి తానొక్కతే బడికి రావడం అవ్వకు మనసొప్పలేదు. మరి అందరూ వస్తే?

మరునాడు మధ్యాహ్నం గట్టు మీద సద్ది తింటూ ఎల్లవ్వ పంద్రాగస్టుకు పని ఆపుదామని పొలం ఆసామి, చెరువు కింది పటేలును అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు, కానీ నారు ముదురుతుందన్న బెంగతో ఆ నెలంతా నిద్రపోడు. "సెలవు సర్కారోల్లకు ఎల్లవ్వా, వరికి సెలవు తెలుస్తదా?" అన్నాడు. పోచమ్మ బోనాలకు పని బందు పెడతలేరా అని ఎల్లవ్వ ఎదురడిగింది. దానికాయన పకపకా నవ్వి, "పోచమ్మకు చాటింపుంటది, సాక పోస్తరు. మీ జెండకు ఏమున్నది?" అన్నాడు. సాక అంటే పసుపునీళ్లలో వేపాకు వేసి అమ్మవారి ముందు పోసేది. పటేలు ఎగతాళికే అన్నాడు గానీ ఆడవాళ్లు ఆ మాటను ఎగతాళిగా తీసుకోలేదు. పండుగ కావాలంటే ఏమేం ఉండాలో ఆయన నోటితోనే చెప్పాడు కదా, అవి రెండూ పెడితే పోలా అనుకున్నారు.

సాయంత్రం గుంపంతా బురద కాళ్లతోనే బడికి వచ్చింది. మా పెద్దసారు గుంటూరు వైపు మనిషి. మా మాట తీరు చూసి మొదట్లో ఆయన నవ్వేవాడు, తర్వాత్తర్వాత ఆయనకే ఆ యాస అంటుకుని సెలవులకు ఇంటికి పోతే వాళ్లమ్మ నవ్వుతోందని మాతో చెప్పుకునేవాడు. పంద్రాగస్టుకు సెలవని చాటింపు వేయించమని వీళ్లు అడిగితే ఆయనకు ఏం అర్థం కాలేదు. "అమ్మా, అది దేశమంతా సెలవేనమ్మా. ప్రభుత్వం ఎప్పుడో ప్రకటించింది" అన్నాడు. ఎల్లవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని, "దేశమంత సెలవైతె మేం ఏ దేశంల ఉన్నం సారూ?" అంది. పెద్దసారు కొక్కేనికి తగిలించిన గొడుగు తీసుకుని, చెప్పులు వేసుకుని, వాళ్లతోపాటు పంచాయతీ ఆఫీసుకు నడిచాడు. వెనక మేము, పిల్లల దండు.

ఆ సాయంత్రం పంచాయతీ అరుగు మీద జరిగిన గొడవ నాకు మాటమాటా గుర్తు లేదు, కొన్ని ముఖాలే గుర్తున్నాయి. సర్పంచ్ గడ్డం గోక్కుంటూ జెండా ఎగిరేదాకా పని ఆపితే చాలదా అన్నాడు. పండుగంటే పొద్దంతా పండుగే అని ఆడవాళ్లు పట్టు పట్టారు. పటేలు తన నారు సంగతి ఎత్తి నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. అప్పుడు మాట్లాడింది ఎప్పుడూ నలుగురిలో నోరు తెరవని మా అవ్వ. "ముందటి నాడు పొద్దుగూకినంక గూడ ఏస్తం పటేలా, తెల్లారి తొందరగ దిగుతం. నీ నారు ముదరనియ్యం. గా ఒక్క పొద్దు మాకిడువుండ్రి" అంది. బాపు జనంలో వెనక నిలబడి చుట్ట కాలుస్తున్నాడు. చుట్ట ఆరిపోయినా ఆయన చూసుకోలేదు. పటేలు అవ్వ మాటకు ఒప్పుకున్నాడు. సర్పంచ్ డప్పు సాయిలు తాతను పిలిపించాడు.

ఇక్కడే అసలు తిరకాసు వచ్చింది. సాయిలు తాత పుట్టి బుద్ధెరిగి అమ్మవారి పేరు లేకుండా పండుగ చాటలేదు. పోచమ్మ పండుగ, మైసమ్మ పండుగ, బొడ్రాయి పండుగ చాటడమే ఆయనకు తెలుసు. ఇది ఎవరి పండుగని చాటాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. డప్పును మంట మీద కాచి, వాడవాడకూ ఆగి, "ఊరందరికి చాటింపు ఏందనంగా! ఎల్లుండి పంద్రాగస్టు జెండమ్మ పండుగ! నాగలి కట్టొద్దు, నాటెయ్యొద్దు, ఎవ్వరు బురదల కాలు వెట్టొద్దు! ఇండ్లు అలుక్కోండ్రి, తానాలు జేసి సాక తీస్కోని బడికాడికి రాండ్రి హో!" అని చాటేశాడు. పెద్దసారు ఆ మాట చెవిన పడగానే బడి నుంచి పరుగున వచ్చాడు. జెండా అమ్మవారు కాదని, దానికి సాక పోయకూడదని చెప్పాడు. సాయిలు తాత ఆయనను జాలిగా చూసి, "అమ్మ పేరు లేంది ఎవ్వడు పని బందు వెట్టడు సారూ" అని మళ్లీ డప్పెత్తుకున్నాడు.

ఆ పంద్రాగస్టు పొద్దున మేము జట్లు కట్టి బయలుదేరేసరికి ఊరు ఊరంతా వాకిళ్లలో ఉంది. అలికిన వాకిళ్లు, ముగ్గులు, గుమ్మాలకు మామిడాకులు. మేము జై అంటే వందమంది జై అన్నారు. అప్పటిదాకా కోళ్లకు వినిపించిన నినాదాలు మనుషులు వింటున్నారంటే నాకు గొంతు రెట్టింపైంది. బడి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లంతా తలస్నానాలు చేసి, పెట్టె అడుగున దాచుకున్న చీరలు కట్టుకుని, చేతుల్లో సాక చెంబులతో గేటు ముందు నిలబడి ఉన్నారు. ఫాతిమాబీ సాక తేలేదు, గిన్నె నిండా సేమియా వండుకుని వచ్చింది. పండుగంటే ఆమెకు తెలిసింది అది. పెద్దసారు చెమటలు కక్కుతున్నాడు. పైనుంచి ఎవరైనా అధికారి వచ్చి చూస్తే తన ఉద్యోగం ఏమవుతుందోనని ఆయన భయం. చివరికి చేతులు జోడించి, "అమ్మా, జెండాను గానీ కర్రను గానీ ముట్టుకోకండి. ఆ కింది గద్దె మాత్రం మీ ఇష్టం" అన్నాడు. గద్దెకు పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, ఎల్లవ్వ ముందుగా సాక పోసి, "జెండమ్మ తల్లీ, పిల్లజెల్లను సల్లంగ సూడు" అని మొక్కింది.

నేను ముందుకు వచ్చి ఊపిరి బిగబట్టి "సావధాన్!" అని అరిచాను. పిల్లల సంగతి సరే, ఊళ్లోని ఆడవాళ్లందరూ ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డారు. పటేలు చేతిలోని కర్ర జారి కింద పడింది. పెద్దసారు తాడు లాగాడు, మూట పైకి పోయింది, ముడి విప్పడానికి గుంజాడు. విచ్చుకోలేదు. రాత్రి వానకు తాడు నానిపోయి బిగిసింది. మళ్లీ గుంజాడు. నేను జెండాను చూడాల్సింది పోయి అవ్వను చూస్తున్నాను. చూపుడువేలు కింది పెదవి మీద పెట్టుకుని, తల పైకెత్తి, రెప్ప వెయ్యకుండా నిలబడింది. ఇన్ని తంటాలు పడి వచ్చిన మనిషికి ఇవాళ కూడా అది కనపడకపోతే ఎట్లా అని నాకు ఏడుపొచ్చింది. పెద్దసారు పంచె ఎగదోపుకుని తన బరువంతా తాడు మీద వేశాడు. జెండా ఫట్టుమని విచ్చుకుంది. గన్నేరు, మందారం, నందివర్ధనం రెక్కలు తడిగా గుత్తులు గుత్తులుగా రాలాయి, సగం పెద్దసారు బట్టతల మీద, సగం జనం మీద. అవ్వ నోరు తెరిచి "అవ్వో!" అంది, అంతే. చప్పట్లు కొట్టాలని కూడా తోచలేదు ఆమెకు. నాకు మాత్రం అంత సంతోషం ఆ ముందూ ఆ తర్వాతా చాలా తక్కువసార్లు కలిగింది.

ఆ మధ్యాహ్నం సేమియా, సర్వపిండి తిని ఇంటికి వచ్చాక నేను ఇంకో వింత చూశాను. అవ్వ అరుగు మీద చాప పరుచుకుని, కొంగు తల కింద పెట్టుకుని పడుకుని నిద్రపోయింది. జ్వరం లేకుండా, కాన్పు కాకుండా, పట్టపగలు మా అవ్వ నిద్రపోవడం నేను అంతకుముందు ఎరగను. తమ్ముడు భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. బాపు వాణ్ని పక్కకు లాగి, "పండనియ్యిరా, ఇయ్యాల పండుగ" అన్నాడు. ఆయనే ఆ పూట బర్రెకు నీళ్లు పెట్టాడు, పొయ్యి అంటించాడు, అన్నం కాస్త మాడబెట్టాడు.

అట్లా మా ఊళ్లో పంద్రాగస్టు సెలవు ఖాయమైంది. తర్వాత చాలా ఏళ్లు సాయిలు తాత చాటింపు తప్పలేదు, గద్దెకు పసుపు తప్పలేదు. పెద్దసారు బదిలీ మీద పోతూ కొత్తగా వచ్చిన సారుకు తాళాలతోపాటు ఈ సంగతి కూడా అప్పజెప్పి పోయాడట. నాకు పెళ్లయి ఊరూరూ తిరుగుతూ, మా ఊళ్లో ఇట్లా చేస్తారని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. నేనూ నమ్మించాలని పెద్దగా ప్రయత్నించలేదు. మా ఊరి ముచ్చట మా ఊరిది.

సాయిలు తాత పోయాడు, ఎల్లవ్వ పోయింది, ఖాసిం చిచ్చా దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. చాటింపు లేదు, ఊరి కబుర్లన్నీ వాట్సాప్‌లోనే. అన్నిటికంటే పెద్ద మార్పు పొలాల్లో వచ్చింది. మునుం పట్టి పాట పాడుతూ నాటేసే గుంపులు లేవు. కొందరు మిషన్లు తెస్తున్నారు, కొందరు బీహారు నుంచి వచ్చే కుర్రాళ్లకు ఎకరం లెక్కన గుత్తకిస్తున్నారు. మా తమ్ముడూ తనకున్న కాస్త పొలంలో అంతే. అవ్వ వాడి దగ్గరే, ఊళ్లోనే ఉంటుంది, కోడలి మీదా మనవళ్ల మీదా పెత్తనం చేస్తూ హాయిగా ఉంటుంది.

పోయిన పంద్రాగస్టుకు నేను ఊళ్లో ఉన్నాను. అవ్వ ఉతికిన చీర కట్టుకుంది, తమ్ముడూ నేనూ ఆమెను పట్టుకుని పొలం గట్టు మీదుగా బడికి బయలుదేరాం. మా తూర్పు మడిలో నలుగురు కుర్రాళ్లు నాటేస్తున్నారు. అవ్వ గబుక్కున ఆగింది. ఫాతిమాబీ పక్కన ఏళ్ల తరబడి నాటేసి నేర్చుకున్న ఉర్దూ మాటలు కూడదీసుకుని, "ఆజ్ కామ్ నక్కో బేటా! ఆజ్ పంద్రాగస్ట్! ఛుట్టీ!" అని, పని వద్దని కేకేసింది. వాళ్లు నడుములెత్తి నవ్వారు. వాళ్లలో పెద్దవాడు దగ్గరికి వచ్చి, ఈ మడి ఒక్కటే మిగిలిందనీ, ఇది అయితే సాయంత్రం కాజీపేటలో రైలెక్కి రాఖీకి ఇల్లు చేరతామనీ, ఇవాళ ఆగితే చేరలేమనీ చేతులు తిప్పుతూ హిందీలో చెప్పాడు. తమ్ముడు "నేను మొదలే చెప్పిన గదనే, వాళ్లకు సెలవిస్తె వాళ్లకే నష్టం" అని గొణిగాడు.

ఊరి మీద పోట్లాడి తెచ్చుకున్న సెలవు కదా, అవ్వ ఇప్పుడు తమ్ముణ్ని తిడుతుందేమో, ఆ కుర్రాళ్లను బలవంతంగా బడికి లాక్కుపోతుందేమో అనుకున్నాను. ఆమె ఆ పెద్ద కుర్రాడి ముఖం చూసింది, మిగిలిన మడిని చూసింది. చెప్పులు విడిచి నా చేతిలో పెట్టి, ఉతికిన చీరను మోకాళ్ల మీదికి దోపుకుంది. నేను వద్దని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. "వాళ్ల పండుగ వాళ్ల ఇంటికాడ ఉన్నది బిడ్డా. దిగుండ్రి, జల్ది అయితది" అని మడిలోకి దిగింది. తమ్ముడు దిగాడు. నేనూ చెప్పులు గట్టు మీద పడేసి దిగాను. నాటెయ్యడం నాకు ఎప్పుడూ సరిగా రాలేదు. నేను పెట్టిన నారు వంకరపోతుంటే పక్కనున్న కుర్రాడు నవ్వుకుంటూ సరిచేశాడు. అవ్వ వంగి వేసినంత వేసి, నడుము పట్టేస్తే గట్టు మీద కూలబడి నారుకట్టలు అందించింది. మైకులో బడి పాటలు మొదలయ్యాయి, అయిపోయాయి, పిల్లలు మిఠాయి తింటూ గట్ల మీదుగా ఇళ్లకు పోయారు. మేము పోలేదు.

మడి అయిపోయాక కుర్రాళ్లు కాలువలో కాళ్లు కడుక్కుని, సంచులు ఆటోలో వేసుకుని, అవ్వ కాళ్లకు మొక్కి ఎక్కారు. "పైలంగ పోండ్రి" అని జాగ్రత్త చెప్పింది అవ్వ, వాళ్లకు అర్థమైందో లేదో. ఆటో చెరువుకట్ట మలుపు తిరిగేదాకా చూసి, నా భుజం పట్టుకుని లేచింది.

"ఇగ అయింది పండుగ. ఇంటికి పోదాం పా" అంది.